కుడి రెక్కలో ఎడమ ఈకలు

ఈకలున్న డైనోసార్ల మీద పిల్లల కోసం వచ్చిన ఒక తెలుగు పుస్తకానికి బొమ్మలు వేసింది నేను. అందులో ఒక పుట నిండా నాలుగు రెక్కల చిన్న డైనోసార్ ఉంటుంది. ఒళ్లంతా కాకి నలుపు. చేతులకు రెండు రెక్కలు, కాళ్లకు రెండు రెక్కలు, పొడుగు తోక చివర విసనకర్ర లాంటి కుచ్చు. ఆ బొమ్మలో కుడి రెక్క తప్పు. ఆ తప్పు మా ఎదురింటి దర్జీ చాచా వల్ల జరిగిందని మెదక్‌లో కొంతమంది ఇప్పటికీ అనుకుంటారు. వాళ్లు అలా అనుకునేలా మాట్లాడింది నేనే. చాచా నాకు సరిగ్గానే చెప్పాడు. అచ్చుకు పోకముందే చెప్పాడు. ఆయన పోయి ఏడాది దాటింది కాబట్టి ఇక నన్ను ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్పాల్సింది ఉంది.

నాది బోర్డులు రాసే పని. ఇరవై ఏళ్లకు బ్రష్షు పట్టుకుని దుకాణాల పేర్లు రాయడం మొదలుపెట్టాను. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షు పక్కన పెట్టి కంప్యూటర్ నేర్చుకున్నాను. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, క్రిస్మస్‌కు స్వాగతం, దర్గా ఉర్సుకు స్వాగతం, ఎన్నికలొస్తే చేతులు జోడించిన నాయకుల బొమ్మలు. తీరిక దొరికినప్పుడు పిట్టల బొమ్మలు వేసుకునేవాణ్ణి. పాపన్నపేట వైపు మంజీర ఒడ్డుకు పోయి కొంగల్ని, నీటికాకుల్ని చూసి వేసిన బొమ్మలు ఎవరో ఫోన్లో పెడితే, హైదరాబాద్‌లో పిల్లల పుస్తకాలు వేసే ఒక ఎడిటరమ్మ చూసి నాకు ఫోన్ చేసింది.

"డైనోసార్ అనగానే అందరూ బల్లి తోలు వేసి, నోరు తెరిపించి అరిపిస్తారండీ. మాకు అది వద్దు," అందామె. "శిలాజంలో ఏముందో అదే వేయండి. లేనిది వేస్తే, ఎందుకు వేశారని పిల్లలు అడిగితే మీరు జవాబు చెప్పగలగాలి."

శిలాజాల ఫొటోలు పంపింది. బూడిదరంగు రాతి పలకలో సన్నటి ఎముకలు. మెడ వెనక్కి విరుచుకుని, చేతులు చాచి, ఇప్పుడే ఎక్కడి నుంచో పడినట్టు ఉండేది ఆ జీవి. ఎముకల చుట్టూ ఈకల ముద్ర, గోడకు దీపం మసి పట్టినట్టు. నేను ఆ ఫొటోను పెద్దగా అచ్చు వేసి కంప్యూటర్ మీద గోడకు అంటించుకున్నాను. మా ఆవిడ దాన్ని చూసి, శవం ఫొటో ఇంట్లో ఎందుకని గొణిగింది. కొన్నాళ్లకు అలవాటు పడింది. నాకు మాత్రం అలవాటు కాలేదు.

ఎడిటరమ్మ చెప్పిన నియమాలు చాలా ఉన్నాయి. ఈ జీవుల అరచేతులు నేల వైపు వాలవు, చప్పట్లు కొట్టబోతున్నట్టు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. రెక్క పెద్ద ఈకలు మణికట్టు దగ్గర ఆగిపోవు, రెండో వేలి పొడవునా నాటుకుని ఉంటాయి. గోళ్లు ఆ ఈకల ముందు నుంచి బయటికి వస్తాయి. నేను అన్నీ రాసుకున్నాను, రాసుకున్నట్టే వేశాను. అయినా నా మొదటి బొమ్మలు చూస్తే నాకే నవ్వొచ్చింది. బల్లికి కోడి ఈకలు గోందుతో అంటించినట్టు ఉన్నాయి.

అప్పుడు ఎదురు మిద్దె మీదికి పోయాను.

చాచాకు అప్పటికి డెబ్బై దగ్గర పడింది. కింద కుట్టు దుకాణం, పైన ఇల్లు, ఆ పైన మిద్దె మీద ముప్పై దాకా పావురాలు. ఊళ్లో ఆయన్ను రెండు విధాలుగా గౌరవించేవారు. దర్జీగా ఆయన కొలత ఒక్కసారి తీసేవాడు, ఎక్కడా రాసుకునేవాడు కాదు. ఆర్నెల్ల తర్వాత పోయినా మన భుజం ఎంత, చెయ్యి పొడవెంత ఆయనకు గుర్తుండేది. పావురాల వాళ్లలో ఆయన ఉస్తాద్. రాలిన ఒక్క ఈక చూపిస్తే, ఏ రెక్కది, లోపలి నుంచి ఎన్నోది, పిట్ట వయసెంత చెప్పేవాడు. హవేలిఘనపూర్ నుంచి, ఇంకా దూరం నుంచి పావురాల వాళ్లు వచ్చి బేరం ముందు ఆయనకు చూపించుకునేవాళ్లు. ఆయన మాట మీద ఒక్కరు కూడా ఎదురు మాట్లాడగా నేను వినలేదు.

నా బొమ్మను ఆయన మిద్దె మీద ఎండలో పట్టుకుని చూశాడు.

"గిదేంది పేంటర్ సాబ్?"

"డైనోసార్ చాచా."

"మరి ఈకలెందుకున్నయ్?"

"గప్పట్ల ఉండెనట. రాళ్లల్ల దొర్కినయట."

"ఉంటె ఉండని. గని ఇవి దాని ఈకలు కావు. ఎవని దగ్గర్నో కిరాయికి తెచ్చుకున్నట్టున్నది. బల్లి షేర్వాణి తొడుక్కొని బరాత్‌కు పోతున్నది."

చాచీ మెట్ల మీద కూర్చుని గింజలు ఏరుతూ నవ్వింది. "పాపం, ఎంత మెహనత్ చేసి తెచ్చిండో, గట్లంటవేంది," అంది.

"అన్న గదా అని ఏడుస్తడా? కూసో సాబ్."

ఒక పావురాన్ని పట్టి, రెక్క మెల్లగా విప్పి చూపించాడు. ఇది మోచెయ్యి, ఇది మణికట్టు, ఇది వేలు. వేలికి పది పెద్ద ఈకలు. లోపలి నుంచి బయటికి లెక్కపెట్టించాడు. "ఏడాదికోసారి మారుస్తది. లోపలికెల్లి షురూ చేస్తది. గీ చేతిల ఒకటి రాలితె, గా చేతిల గూడ గదే నంబర్‌ది రాలుతది. జోడీ జోడీగ. లేకుంటె తూకం తప్పుతది." ఆయన ఎడమ, కుడి అనే ముందు వేళ్లతో తన భుజాన్ని తాకేవాడు, బట్ట కొలుస్తున్నట్టు.

ఆ తర్వాత ఆర్నెల్లు నేను ఆ మిద్దె మీదే ఎక్కువ ఉన్నాను. ఈకలు మార్చే కాలంలో రాలినవన్నీ ఆయన ఏరి ఉంచేవాడు. కుడి రెక్కవి తెల్లదారంతో, ఎడమ రెక్కవి నల్లదారంతో కట్టి ఇచ్చేవాడు. ఆయన దగ్గర కాళ్లకు కూడా పొడుగు ఈకలున్న ఒక ఆడపావురం ఉండేది. దాన్ని 'సాక్సులది' అనేవాడు. అది నడిస్తే లంగా ఎత్తిపట్టుకుని బురదలో నడిచే ఆడమనిషిలా ఉండేది. నా డైనోసార్ కాలి రెక్కలు దాన్ని చూసి వేసినవే. ఒక సాయంత్రం చాచా దాన్ని ఎత్తి పట్టుకుంటే, దాని కాళ్లు వేలాడి, ఈకలు గాలికి విచ్చుకున్నాయి. ఒక్క క్షణం నాకు పావురం కనబడలేదు. గోడ మీది రాతిలో పడి ఉన్నది లేచి చాచా చేతుల్లో ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. చాచాకు చెప్పాను. "రాయిలకెల్లి వచ్చిందానికి గూడ గింజలు నేనే పెట్టాల్నా," అన్నాడు.

ఎగిరే ఈకకు కాడ నడిమధ్యలో ఉండదు. ముందువైపు సన్నగా, వెనకవైపు వెడల్పుగా ఉంటుంది. శిలాజంలో ఆ తేడా కనబడితేనే, ఆ జీవి గాలిలో తేలి ఉంటుందని శాస్త్రజ్ఞులు నమ్ముతారని ఎడిటరమ్మ చెప్పింది. అంటే ఆ బొమ్మలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే. నేను తప్పు చేసింది సరిగ్గా అక్కడ.

ఎడమ రెక్క ఈకల్ని ఒక్కొక్కటే ముందు పెట్టుకుని నీటిరంగులతో వేశాను. ముప్పై ఈకలు. కాకి నలుపు మీద నీలం మెరుపు. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఎడమ రెక్క బాగా వచ్చింది. కుడి రెక్కకు అవే ఈకల్ని అద్దంలో బొమ్మలా తిరగేయాలి. కంప్యూటర్లో అదొక్క నొక్కు. కానీ ఫ్లెక్సీలు చేసేవాడి చెయ్యి ఆ బటన్ మీదికి పోదు. దాన్ని నొక్కితే అక్షరాలన్నీ తిరగబడతాయి. పనిలో చేరిన కొత్తలో ఒకసారి నొక్కి, ఒక పెళ్లికొడుకు పేరును ఊరంతా అద్దంలో చదువుకునేలా చేశాను. అప్పటి నుంచి ఏది కావాలన్నా బొమ్మను గుండ్రంగా తిప్పుతానే తప్ప తిరగేయను. ఈకల్ని కూడా అలాగే తిప్పాను. చూడటానికి కుడి వైపు తిరిగాయి. కానీ సన్నటి అంచు వెనక్కి, వెడల్పు అంచు ముందుకి వచ్చింది. కుడి రెక్క నిండా ఎడమ ఈకలు. పైగా మెరుపు ఎటువైపు పడాలో ఆలోచించుకుంటూ నేను దాన్ని గమనించనే లేదు.

బొమ్మలు పంపడానికి మూడు రోజుల ముందు అచ్చు తీసి చాచా దుకాణానికి పట్టుకెళ్లాను. మెచ్చుకుంటాడని పోయాను. ఆయన మిషన్ ఆపకుండానే ఒక చూపు చూశాడు. తర్వాత మిషన్ ఆపాడు.

"ఎడమ చేతి ఈకలు కుడికెందుకొచ్చినయ్?"

"యాడ చాచా?"

ఆయన బల్ల మీద కత్తిరించి పెట్టిన రెండు చొక్కా చేతులు తీసి నా ముందు పరిచాడు. "గీ రెండు ఒక్కతీరే ఉన్నయా? ముంగటి చంక వేరు, ఎనుక చంక వేరు. ఎడమది తెచ్చి కుడికి కుడితె నువ్వు చెయ్యి లేపగల్గుతవా? గీ పిట్ట గూడ గంతే. గాలి సందులకెల్లి కారిపోతది. చక్కరొచ్చి పడ్తది." బొమ్మ మీద వేలితో ఒక్కొక్క ఈకా తాకాడు. "గివన్ని నల్లదారపుయి. తెల్లదారపుయి యాడబెట్టినవ్?"

"రేపు మారుస్త చాచా," అన్నాను.

"జర యాది పెట్టుకో. పిల్లలు సూసేది."

మార్చలేదు. ముప్పై ఈకలు, ఒక్కొక్కదాని కింద నీడ, ఒక్కొక్కదాని మీద మెరుపు. తిరగేస్తే వెలుతురు అంతా తారుమారవుతుంది, మళ్లీ వేయాలి. వారం పని. ఎడిటరమ్మను ఇంకో వారం అడగొచ్చు. అడిగితే తప్పు చేశానని చెప్పాలి. ఎవరు చూస్తారు అనుకున్నాను. ఈ మాట నేను రాసిన ఏ బోర్డు గురించీ అనుకోలేదు. బొమ్మ కింద మూలకు సంతకం చేసి పంపించాను.

పుస్తకం వచ్చాక మెదక్‌లో ఒక బడి హాల్లో చిన్న సభ పెట్టారు. పిల్లలు, టీచర్లు, ఊళ్లో తెలిసినవాళ్లు, పావురాల వాళ్లు కొందరు. హైదరాబాద్ నుంచి రిటైరైన ఒక జంతుశాస్త్రం మేడం వచ్చింది. చాచాను నేనే పిలిచాను. ఇస్త్రీ మడతలు నిలబడ్డ తెల్ల కుర్తా వేసుకుని, అత్తరు రాసుకుని, వెనక వరసలో కూర్చున్నాడు. మేడం ఒక్కో బొమ్మ తెర మీద వేయించి పిల్లలకు వివరించింది. చేతులు చప్పట్ల భంగిమలో ఉన్నాయని మెచ్చుకుంది. రెండో వేలికి ఈకలు ఉన్నాయని మెచ్చుకుంది. నాలుగు రెక్కల దాని దగ్గర ఆగింది. కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి నడిచింది.

"ఆర్టిస్టు గారూ, ఈ కుడి రెక్కలో ఈకలు ఎడమవేమో కదా?"

మందలించినట్టు అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అవునండీ, నాదే పొరపాటు అంటే అక్కడితో అయిపోయేది. హాలంతా నా వైపు చూసింది. నా నోటి నుంచి ఈ మాట వచ్చింది:

"ఈకల సంగతంతా మా పావురాల చాచానే చెప్పిండు మేడం. ఆయన చెప్పినట్టే వేసిన. ఆయన్నే అడగాలె."

వెనక్కి చెయ్యి చూపించాను. తలలన్నీ అటు తిరిగాయి. మైకు దగ్గరున్న హెడ్మాస్టరుకు చాచా తెలుసు, ఆయన చొక్కాలు కూడా చాచానే కుట్టేవాడు. "గిదేంది చాచా," అన్నాడు మైకులో, "ఇగ మా అంగీలు గూడ ఒకపారి సూస్కోవాల్నా ఏంది."

హాలంతా నవ్వింది. పిల్లలు అందరికంటే ఎక్కువ నవ్వారు, ఎందుకో తెలియకపోయినా. చాచా సగం లేచి నిలబడ్డాడు. నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు ఇప్పుడు ఇంత బాధ ఉండేది కాదు. ఏదో జ్ఞాపకం చేసుకుంటున్నవాడిలా చూశాడు. తర్వాత టోపీ సర్దుకుని, "గల్తీ అయి ఉంటది మేడం," అని కూర్చున్నాడు.

హాల్లో జరిగింది చాలామందికి తెలుసు. ఆ తర్వాత దారిలో జరిగింది ఎవరికీ తెలియదు. ఆయన్ను నా స్కూటర్ మీదనే తీసుకొచ్చాను, దాని మీదనే ఇంటికి తీసుకెళ్లాలి. వెనక కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. చర్చి గేటు దాటాం. మా గల్లీ మలుపులో నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పేంటర్ సాబ్. నేను గట్లనే చెప్పిన్నా?"

గల్లీలో ఎవరూ లేరు. హెడ్మాస్టరు లేడు, మేడం లేదు, మైకు లేదు. నన్ను చూసేవాళ్లు, నవ్వేవాళ్లు ఎవరూ లేరు. అద్దంలో ఆయన ముఖం కనబడుతోంది. ఆయన నన్ను నిలదీయడం లేదు. నిజంగా అడుగుతున్నాడు.

"ఏమో చాచా. నాకు యాదికి లేదు," అన్నాను.

ఆయన తల ఊపాడు. దిగి, పుస్తకం చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు.

హాల్లో చెప్పింది భయంతో చెప్పిన అబద్ధం. గల్లీలో చెప్పినదానికి ఏ పేరు పెట్టాలో మూడేళ్లయినా నాకు తెలియలేదు.

ఊరికి ఒక ఎగతాళి దొరికింది. చొక్కా ఇవ్వడానికి వచ్చినవాళ్లు "చాచా, ఎడమది ఎడమకే" అనేవాళ్లు. పావురాల వాళ్లు ఆయన్ను చూసి రెండు చేతులూ అటూ ఇటూ మార్చి ఆడించేవాళ్లు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఆయన కూడా నవ్వేవాడు. నేను నా కిటికీలోంచి చూసేవాణ్ణి. ప్రతిరోజూ రేపు పోయి చెబుదామనుకునేవాణ్ణి.

ఆ ఎండాకాలం పావురాలన్నిటినీ హవేలిఘనపూర్‌లో పావురాలు పెంచే ఒకాయనకు అమ్మేశాడు. ఆటోకు బుట్టలు కడుతుంటే నేను కిందికి దిగాను. ఎందుకు చాచా అని అడిగాను. "మెట్లెక్కనిస్తలేవు మోకాళ్లు," అన్నాడు. నేను ఆ జవాబును సంతోషంగా నమ్మాను. సాక్సులది బుట్ట సందులోంచి కాలి ఈకలు బయటికి పెట్టి ఉంది.

కొన్న మనిషి పద్ధతి ప్రకారం, కొత్త చోటు అలవాటయ్యేదాకా ఎగరకుండా రెక్కలకు దారం కట్టి రెండు నెలలు ఉంచాడు. దారం విప్పిన వారానికే కొన్ని తిరిగి వచ్చాయి. సాయంత్రం మిద్దె పిట్టగోడ మీద వరసగా కూర్చున్నాయి. గూళ్లు లేవు. గూళ్లున్న చోటు వైపే చూస్తూ కూర్చున్నాయి. ఆ మనిషి బుట్ట పట్టుకుని వచ్చి తీసుకుపోయాడు. మళ్లీ వచ్చాయి. చాచా కింద నుంచే చప్పట్లు కొట్టి లేపేవాడు, పైకి చూసేవాడు కాదు. "గింజలు పెట్టకు, నీళ్లు గూడ పెట్టకు, ఆ ఇల్లు మరిగేదాకా," అని చాచీతో చెప్పడం విన్నాను. ఆ మరుసటి చలికాలం ఆయనకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. దవాఖానలో నాలుగు రోజులున్నాడు. నేను రెండుసార్లు పోయాను. రెండుసార్లూ మంచం చుట్టూ మనుషులున్నారు, చెప్పడానికి వీలు కాలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఐదో రోజు పోయాడు.

పావురాలు ఆ తర్వాత కూడా వచ్చాయి. ఇప్పుడు చప్పట్లు కొట్టేవాళ్లు లేరు. కంప్యూటర్ ముందు కూర్చుంటే కిటికీలో అవే. చీకటి పడేదాకా కదలకుండా, ఒకదాని పక్కన ఒకటి. చూడకూడదనుకుంటే గోడ వైపు తిరగాలి. అక్కడ రాతిలో ఆ జీవి చేతులు చాచి ఉంది. కొన్ని సాయంత్రాలు ఫ్లెక్సీలో ఎవరి ముఖమో సరిచేస్తుంటే, వెనక ఎవరో భుజం మీద చెయ్యి వేసి ఏదో అడగబోతున్నట్టు ఉండేది. తిరిగి చూసేవాణ్ణి. గాలిలో ఏ పిట్ట పోతున్నా ఇది కుడి, ఇది ఎడమ అని పెదాలతో అనుకోవడం అలవాటైంది.

మొన్న పాపన్నపేట దగ్గర ఒక బడిలో సైన్స్ ప్రదర్శన చూడమని పిలిచారు. ఒక అమ్మాయి చార్టు మీద నా డైనోసార్‌ను చూసి వేసింది. ఎంత శ్రద్ధగా వేసిందంటే, కుడి రెక్కలో ప్రతి ఈకకూ సన్నటి అంచును వెనక్కి పెట్టింది. "ఈకలను చూసి అది గాలిలో తేలేదని చెప్పవచ్చు" అని కింద రాసింది. బాగుందా సార్ అని అడిగింది. బాగుందన్నాను. మరునాడు ఎడిటరమ్మకు ఫోన్ చేసి, ఆ కుడి రెక్క మళ్లీ వేసి ఇస్తానని, తప్పు నాదని, ముందే తెలిసి పంపానని చెప్పాను. "రెండో ముద్రణకు పంపండి," అందామె.

అదే రోజు మధ్యాహ్నం చాచీ దగ్గరికి పోయాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. హాల్లో అన్నది చెప్పాను, గల్లీలో అన్నది చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆమె నా ముఖం చూడలేదు. అయిపోయాక లేచి లోపలికి పోయింది. ఇక రాదనుకున్నాను. సగం కుట్టిన ఒక కుర్తా పట్టుకుని వచ్చి నా ముందు పరిచింది. రెండు చేతుల మీదా దర్జీ సుద్దతో ఉర్దూలో ఏదో రాసి ఉంది.

"సీదా, బాయా," అని చదివింది. "ఏది కుడిదో ఏది ఎడమదో రాసుకునేటోడు. యాభై ఏండ్లల్ల ఎన్నడు రాసుకోలే. గా మీటింగుకు పోయొచ్చిన కాడికెల్లి షురూ అయింది. కొలతలు గూడ కాయితం మీద రాసుకునుడు, ఇంటికి పంపేముందు మళ్ల మళ్ల సూసుడు. నన్నడిగిండు, నా దిమాగ్ పోతున్నదా ఏంది అని. ఈకల సంగతి నాకేం తెల్సు. ఊకున్న."

ఆమె కుర్తాను మెల్లగా మడిచింది.

"పావురాలు మోకాళ్ల కోసం అమ్మలే," అంది. "ఈక ఏ చెయ్యిదో గుర్తువట్టనోడు ఎగిరేటియ్యి సాదొద్దన్నడు. నువ్వు అబద్ధం చెప్తవని ఆయనకు ఒక్కనాడు గూడ అనిపియ్యలే బేటా. తనకే మతి తప్పిందనుకొని పోయిండు."

కొత్త ముద్రణలో చాచా పేరు పెట్టిస్తానని, రెక్కల గురించి చెప్పింది ఆయనేనని రాయిస్తానని అన్నాను.

"పేరు వద్దు."

"చాచీ, అందరికి తెలియాలె గదా."

"నీ పుస్తకంల ఆయన పేరు వద్దు. రాసుకుంటె నీ గల్తీ రాసుకో, ఆయన పేరు లేకుంట. ఆ దినం నోటితోని అన్నవు. ఎవ్వలు నవ్విన్రో, ఆళ్ల దగ్గరికి పోయి నోటితోని చెప్పు."

అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు.

మొదట హెడ్మాస్టరు దగ్గరికి పోయాను. విని, "అరె, గది జోక్‌కన్న. ఇంకా యాది పెట్టుకున్నరా," అని చాయ్ తెప్పించాడు. చాయ్ వచ్చేలోగా ఆయన నవ్వు పోయింది. తాగకుండానే ఇద్దరం లేచాం. కొందరికి ఆ సంగతే గుర్తులేదు. ఎగతాళి గుర్తుంది, ఎక్కడ మొదలైందో గుర్తులేదు. వాళ్లకు మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

ఈ పొద్దున హవేలిఘనపూర్ పోయాను. పావురాలు కొన్న మనిషి వాటికి నీళ్లు మారుస్తున్నాడు. నిలబడే చెప్పాను. ఆయన నీళ్ల డబ్బా కింద పెట్టాడు.

"మరి గాయిన లేచి కాదనకపాయె గదా. తెల్వదా ఆయనకు?"

"తెల్సు. గని నేను అబద్ధం చెప్పననుకున్నడు. తనకే మతి తప్పిందనుకున్నడు."

ఆయన గూడు గోడకు ఒరిగి కూర్చున్నాడు. అప్పుడు అన్నాడు: "నా దగ్గరికి వచ్చిండు ఒకపారి. మీటింగైన పది దినాలకు. జేబులకెల్లి ఈక తీసి, గిది ఏ చెయ్యిదో చెప్పు అన్నడు. ఉస్తాద్ నన్ను పరీక్ష వెడ్తున్నడనుకున్న. అందరు నవ్వుతున్నరు గదా, నేను గూడ పరాష్కానికి ఉల్టా చెప్పిన. కుడిదాన్ని ఎడమదన్న. కోపానికొస్తడు, తిడ్తడు అనుకున్న." చేతులు చూసుకున్నాడు. "తల ఊపి పోయిండు. మల్ల వారానికే పావురాలు తీసుకుంటవా అని ఫోన్ చేసిండు."

నీది తమాషా, నాది కాదు అని చెప్పాలనిపించింది. అది నిజమే. కానీ ఆ మాటతో ఆయన బరువు దించే హక్కు నాకు లేదు. నేను కూడా నేల మీద కూర్చున్నాను.

"పరాష్కానికన్న సాబ్," అన్నాడు మళ్లీ.

పావురాలు మా ఇద్దరి చుట్టూ గింజలు వెతుక్కుంటున్నాయి. కొంతసేపటికి ఆయన లేచి ముఖం కడుక్కున్నాడు.

"ఇంకా ఎవలెవలికి చెప్పేదున్నది?"

"ఐదుగురున్నరు. ఒకాయన మనోహరాబాద్ స్టేషన్ కాడుంటడు."

"చాచీకి చెప్పినవా?"

"అందరికంటె ముందు ఆమెకే చెప్పిన."

"నేను చెప్పలే," అన్నాడు. గూళ్ల తలుపులు వేసి, చెప్పులు తొడుక్కుని, బండి తాళంచెవి తీసుకున్నాడు. "ముందుగాల చాచీ కాడికి పోదం. నడువు."